సార్ సొంత ఆప్షన్లు

పోయిన ఆదివారం జరిగిన మా సార్ సంతాప సభలో మాట్లాడినవాళ్ళంతా ఆయన్ని సౌమ్యుడన్నారు. నాకు నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నావిడ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. తర్వాత వచ్చినాయన మృదుభాషి అన్నాడు, ఇంకొకాయన నిగర్వి అన్నాడు. చివరికి ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని "చీకటిని జయించిన వెలుగు" అన్నప్పుడు మాత్రం నవ్వు పోయి ఒళ్ళు మండింది. ఆయన బతికుండగా ఆ మాట ఆయన ముందు అన్నవాళ్ళకి ఏం జరిగిందో నాకు తెలుసు. "నేనేం జయించలే సార్. పుట్టినప్పటి సంది చూపు లేదు, గంతే. జయించుడంటే ఏందో చెప్పాల్నా? సాయంత్రం పూట సికింద్రాబాద్ స్టేషన్ ముందల రోడ్డు దాటుర్రి, తెలుస్తది" అని, సన్మానం చేయడానికి వచ్చినవాళ్ళని శాలువాతో సహా వెనక్కి పంపిన మనిషి ఆయన.

సభలో చెప్పినవన్నీ ఎవరి గురించైనా చెప్పదగ్గ మాటలు. పేరు మార్చి ఇంకో సభలో చదివినా ఎవరూ పట్టుకోలేరు. ఆయనే అక్కడుంటే "గివన్నీ కామన్ ఆప్షన్లు. మనిషి సొంతానివి ఏవి?" అని వెనక వరసలోంచి అరిచేవారు. అరిచేవాళ్ళు లేక సభ ప్రశాంతంగా ముగిసింది, అందరం టీ తాగి ఇళ్ళకు వచ్చాం. నాకు మాత్రం ఏదో బాకీ పడ్డట్టు ఉండి ఇది రాయడానికి కూర్చున్నాను.

పద్మారావు నగర్‌లో మా రికార్డింగు కేంద్రం ఒక టిఫిన్ సెంటరు పైన, రెండో అంతస్తులో ఉంది. చూపు లేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి, రికార్డు చేసి, మెమరీ కార్డుల్లో పెట్టి పంపిస్తాం. వాళ్ళు ఆ కార్డుల్ని చిన్న ప్లేయర్లలో పెట్టుకుని వింటారు. చదివేది నాలాంటి వలంటీర్లు. ఆ రికార్డింగులన్నీ దాచే కంప్యూటర్లను చూసుకునేది ఆయన. "చూసుకునేది" అనే రాస్తున్నాను, ఇంకేమన్నా రాస్తే తిట్టేవారు కాబట్టి. కొత్తలో నేనొకసారి మర్యాదకు పోయి "మీరు ఆ సినిమా విన్నారా సార్" అని అడిగాను. "సిన్మా విననీకి అదేమన్న రేడియోనా? చూసిన. ఇంటర్వెల్ల సమోస సుత తిన్న" అన్నారు. ఆ తర్వాత మా కేంద్రంలో ఎవరూ ఆయన ముందు "చూడు" అనే మాట మింగలేదు.

నేను వలంటీరుగా వెళ్ళిన మొదటి రోజు ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న "నీ ఆప్షన్లేంది?" అని. నాకు అర్థం కాలేదు. తెలుగు, ఇంగ్లీషు రెండూ చదువుతానండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, కుర్చీ చూపించి, కూర్చోబెట్టి పాఠం చెప్పారు. అది ఆయన అందరికీ చెప్పే పాఠమేనని తర్వాత తెలిసింది.

"చూడమ్మా. కంప్యూటర్ల డిస్క్ పెట్టినా, కార్డు పెట్టినా, ఊకె పెడితే అయిపోదు. సిస్టం దాన్ని తనల కలుపుకోవాలె. దాన్నే మౌంట్ చేసుడు అంటం. కలుపుకునేటప్పుడు కొన్ని షరతులుంటయి, అవే ఆప్షన్లు. చదువుడొక్కటేనా, రాసుడు సుత ఉందా, గిట్లాంటియి అందరికీ ఉండేటియి. గవి సిస్టమే చెప్తది. కని ఒక్కొక్క రకం ఫైల్‌సిస్టంకు దాని సొంతానివి కొన్ని ఉంటయి. పేర్లు ఏ లిపిల రాసుకోవాలె, లోపల ఏమన్న ఖరాబైతె ఏం చెయ్యాలె, గట్ల. గవి సిస్టంకు తెల్వయి. అందుకే మనం అడిగినప్పుడు సిస్టం తన ముచ్చట తను చెప్పి, ఫైల్‌సిస్టం దిక్కు తిరిగి, 'ఇగ నీవి నువ్వు చెప్పు' అంటది. అది చెప్తేనే తెలుస్తది. చెప్పకపోతే దునియాల ఎవ్వరికీ తెల్వది."

అంతా చెప్పి, నా వైపు తిరిగి అన్నారు. "నీది కాకినాడ దిక్కు, ముప్పై దాటలే, జలుబు చేసింది. గవి నీ గొంతు వింటేనే తెలిసినయి. నీ సొంతానివి చెప్పు."

నేను కాసేపు ఆలోచించి, మధ్యాహ్నం భోజనం చేశాక ఏది చదివినా ఆవలింతలొస్తాయండీ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆ, గిది ఆప్షన్. నీకు పొద్దుగాల్ల పని పెడతా" అన్నారు. ఇన్నేళ్ళలో నాకు మధ్యాహ్నం ఒక్క పాఠం కూడా ఇవ్వలేదు.

మా దగ్గర చేరిన ప్రతివాళ్ళూ అలా సొంతవి చెప్పుకోవాల్సిందే. పొద్దుపోక చేరిన ఒక రిటైర్డు లెక్కల మాష్టారు తాను క్రమశిక్షణ గల మనిషినని, టైముకు వస్తానని చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "గది డిఫాల్ట్ మాష్టారూ. అందరు ఎట్లుండాల్నో గట్ల ఉంటే చెప్పనక్కర లేదు. ఫైల్‌సిస్టం సుత అందరి లెక్క ఉన్న కాడ చెప్పదు, వేరేగ ఉన్న కాడనే చెప్తది." మాష్టారు గొణుక్కుంటూ, కష్టమైన లెక్క వచ్చినప్పుడు పళ్ళు కొరుకుతానని ఒప్పుకున్నారు. అది మైకులో పడుతుంది కాబట్టి ఆయనకు లెక్కలు కాకుండా పౌరశాస్త్రం ఇచ్చారు. ఆ అవమానం మాష్టారు చాలాకాలం మరిచిపోలేదు.

మరి తనవో? అవి ఎవరూ అడక్కుండానే అప్పజెప్పేవారు. చెయ్యి పట్టి గుంజొద్దు, మోచెయ్యి ఇవ్వండి, నేనే పట్టుకుంటా. నా టేబుల్ మీది సామాను జరపొద్దు. చాయ్‌లో చక్కెర తగ్గించమని మా ఆవిడ ఫోన్ చేస్తే సరేనని చెప్పి తగ్గించకండి. చేతికి ఒక మాట్లాడే గడియారం ఉండేది, గంట గంటకూ ఆడగొంతుతో టైము చెప్పేది. దాన్ని తియ్యమంటే తియ్యరు, నోరు మూయించమంటే మూయించరు. స్టూడియో తలుపు తీసుకుని నేరుగా రికార్డింగు మధ్యలోకి వచ్చేవారు. వరంగల్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేసి, "మేడం, కాకతీయుల పాఠంలో గణపతిదేవుడు చనిపోయాక ఒకావిడ పదకొండు గంటలైంది అంటోంది, పరీక్షలో రాయాలా" అని అడిగాడు. ఆ సంగతి చెబితే సార్ పగలబడి నవ్వారు గానీ గడియారం మాత్రం తియ్యలేదు.

ఇక ఆయన కంప్యూటరు. తెర మీద ఉన్నది చదివి వినిపించే గొంతు ఒకటి దాన్లో ఉంటుంది. దాని వేగం ఆయన ఎంత పెంచుకున్నారంటే, అది మాట్లాడుతుంటే మాకు పోపులో ఆవాలు చిటపటలాడుతున్నట్టే ఉండేది. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పొద్దున్నే రాగానే ఆయన చేసే మొదటి పని మౌంట్ అని కొట్టి, ఏ డిస్కు ఏ షరతుల మీద కలిసి ఉందో వరసగా చదివించుకోవడం. మేం దానికి సుప్రభాతం అని పేరు పెట్టాం. తల కాస్త పక్కకి వంచి, కళ్ళు మూసుకుని వినేవారు. మధ్యలో ఎవరన్నా పలకరిస్తే వేలు ఎత్తేవారు, అంటే నోరు మూసుకోమని. ఎక్కడో ఏదో ఒక్క మాట తేడాగా వినబడితే చాలు, "ఏందీ, నిన్నటికాడికి రాసుడు బంద్ పెట్టినవా, ఏం తక్లీఫైంది నీకు?" అని డిస్కుతో మాట్లాడేవారు.

కొన్నాళ్ళకు నేను వలంటీరు నుంచి ఉద్యోగినయ్యాను. ఆయన పక్క టేబులు నాది. కంప్యూటరు పని నేర్పిస్తానన్నారు. నేర్పించినదాంట్లో ముప్పాతిక వంతు తిట్లే. నన్నేదన్నా అడిగితే సెట్టింగుల ఫైలు తెరిచి అందులో ఉన్నది చదివేదాన్ని. "రాసింది చదవకు. దాన్నే అడుగు" అనేవారు. డిస్కును ఎలా కలుపుకోవాలో మనం రాసిపెట్టుకునే ఫైలు ఒకటి. ఇప్పుడు నిజంగా ఎలా కలిసి ఉందో సిస్టం చెప్పేది వేరొకటి. "పెండ్లి పత్రికల ముహూర్తం రాస్తరు. రాసినంత మాత్రాన గా టైంకు తాళి కట్టినట్టేనా? ఫంక్షన్ హాల్‌కు పోయి చూడాలె" అనేవారు. నా పెళ్ళి పత్రిక ఇచ్చినప్పుడు కూడా ఇదే మాట అన్నారు. నిజంగానే మా పెళ్ళికి ముహూర్తం దాటిపోయింది, ఆయన ముందు వరసలో కూర్చుని గడియారం చేత టైము చెప్పించారు.

ఇంతటి మనిషి ఒకసారి అడగకుండా రాసింది నమ్మారు. ఆ సంగతి చెప్పాలి.

ఆ ఏడు మా కేంద్రానికి కొత్త కార్డు రీడరు వచ్చింది. ఒకేసారి చాలా కార్డులు పెట్టి రాయొచ్చు. డిగ్రీ పరీక్షల ముందు కార్డులన్నీ దాంట్లోనే రాసి, అన్ని జిల్లాలకూ పంపించాం. గురువారం పొద్దున మల్కాజ్‌గిరి నుంచి రూతు ఫోన్ చేసింది. అప్పటికి ఆ అమ్మాయి గొంతే తెలుసు నాకు, మనిషిని చూడలేదు. ప్రైవేటుగా డిగ్రీ రాస్తోంది.

"మేడం, కార్డులో పాఠాల పేర్లు రావట్లేదండీ. ప్లేయరు ఏ డిగ్రీ, ఏ డిగ్రీ, ఏ ప్లస్ మైనస్ అంటోంది. అన్నిటికీ అంతే."

ఒక్కో పాఠాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఆ ముక్క పేరులోనే పాఠమూ అంశమూ పెట్టడం మా పద్ధతి. పేర్లు పోతే వందల ముక్కల్లో ఏది ఎక్కడుందో వెతుక్కోవడం గడ్డివాములో సూదిని వెతికినట్టే. ఎప్పుడు నీ పరీక్ష అని అడిగాను.

"సోమవారం అర్థశాస్త్రం. పాత సిలబస్ వాళ్ళకి ఇదే ఆఖరి అవకాశమండీ. ఇది పోతే మళ్ళీ మొదటి సంవత్సరం నుంచీ రాయాలి." ఆ అమ్మాయి ఏడవలేదు. ఒక్కో మాటా జాగ్రత్తగా పెట్టింది. అలా మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఇంకా భయం.

సార్‌తో చెప్పాను. అలాంటి కార్డే ఒకటి తీసి మా రీడరులో పెట్టి చూశాం. పేర్లన్నీ చక్కగా తెలుగులో ఉన్నాయి. "మన కాడ మంచిగనే ఉన్నయి. ప్లేయర్ ఖరాబై ఉంటది, వేరేది తీసుకోమను" అన్నారు. ఒకసారి మౌంట్ ఎలా ఉందో అడుగుదామా సార్ అన్నాను. ఆయన చెప్పే మాటే కదా అని. "నేనే రాసిన కదమ్మా. పేర్లు యూటీఎఫ్ ఎయిట్‌ల రాయాలె అని పెట్టిన. నాకు యాదికుంది" అన్నారు విసుగ్గా. యూటీఎఫ్ ఎయిట్ అంటే అన్ని భాషల అక్షరాలనూ రాసుకునే పద్ధతి, తెలుగు దాంట్లోనే వస్తుంది. ఆయన నోట "యాదికుంది" అనే మాట వింతగా తోచింది గానీ, పెద్దాయన, ఇంకేం వాదిస్తాం.

శుక్రవారం అల్వాల్ నుంచి ఒకరు, కరీంనగర్ నుంచి ఒకరు, ఖమ్మం నుంచి ఒకరు ఫోన్ చేశారు. అందరి ప్లేయర్లూ ఒకేసారి పాడవ్వవు కదా. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, అంతవరకూ ఎన్నడూ అనని మాట అన్నారు.

"నువ్వే అడుగు. ఏం చెప్తుందో నాకు చదివి చెప్పు. మెల్లగ."

కార్డు పెట్టి మౌంట్ అని కొట్టాను. కార్డు తాలూకు వరస వచ్చింది. ఒక్కో మాటా చదివాను. నాది వీఫ్యాట్ అనే రకం ఫైల్‌సిస్టం అంది, చదవొచ్చు రాయొచ్చు అంది. ఆ తర్వాత దాని సొంతవి మొదలయ్యాయి. కోడ్‌పేజీ అనే పొట్టి పేర్ల పట్టిక ఇది, ఆ పేర్లు ఇలా, తప్పు జరిగితే రాయడం ఆపేస్తాను, అక్షరాలు మాత్రం పడమటి యూరప్ లిపిలో.

"యూటీఎఫ్ ఎయిట్ ఏది?"

"లేదు సార్."

"మల్ల చదువు."

మళ్ళీ చదివాను. లేదు. ఆయన రాసిన మాట ఫైలులో భద్రంగానే ఉంది, కానీ అది పాత రీడరుకు రాసింది. కొత్త రీడరులో పెట్టిన కార్డుల్ని సిస్టం ఆ వరస జోలికి పోకుండా తనంతట తానే కలుపుకుంటోంది. ఒక్కో తెలుగు అక్షరాన్నీ మూడు ముక్కలు చేసి, మూడూ పరాయి అక్షరాలనుకుని కార్డు మీద రాస్తోంది. తిరిగి అదే తప్పుతో చదువుకుంటోంది కాబట్టి మా దగ్గర ముక్కలు అతుక్కుని తెలుగులాగే కనబడుతోంది. ప్లేయరుకు ఆ తప్పు తెలియదు కదా, అది ఉన్నదున్నట్టు చదివింది.

గడియారం టైము చెప్పింది, ఆయన పట్టించుకోలేదు. తర్వాత వరసగా ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేశారు. "తప్పు ప్లేయర్‌ది కాదు, నాది. అడగకుండ నమ్మిన. కొత్త కార్డు పంపిస్తున్న, పరేషాన్ కాకు" అని అందరికీ అదే మాట. శనివారం మధ్యాహ్నానికల్లా కార్డులన్నీ తిరగరాశాం. దూరం వాళ్ళవి బస్సు పార్సిల్‌లో వేశాం. రూతు కార్డు మాత్రం ఆయన చొక్కా జేబులో పెట్టుకున్నారు. "గా పిల్లకు ఎల్లుండే పరీక్ష. నేనే పోతా. నువ్వు మోచెయ్యి ఇయ్యి" అన్నారు.

మల్కాజ్‌గిరి బస్సులో ఒకతను ఆయన్ని చూసి "పాపం" అంటూ సీటు ఇచ్చాడు. ఆయన హాయిగా కూర్చుని, "పాపం నాదేంది అన్నా, నిలబడ్డది నువ్వు" అన్నారు. బస్సంతా నవ్వారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది, మనిషి మామూలుగా అయ్యాడని.

రూతు వాళ్ళది రెండు గదుల ఇల్లు. గోడ మీద బైబిల్ వాక్యం ఉన్న క్యాలెండరు, కుట్టు మిషను, దాని మీద ప్లేయరు. వాళ్ళమ్మ బడిలో టీచరు, గుంటూరు వైపు మనిషి. మంచినీళ్ళిచ్చి, ఆయన ఎడమ పక్కన నిలబడి తిట్టడం మొదలుపెట్టింది.

"ఏమండీ, మీరు పెద్దవారు, అననక్కర్లేదు గానీ అంటున్నాను. మూడు రోజులు పిల్ల అన్నం సరిగ్గా తినలేదు. ఒక్కో ముక్కా విని, ఇది ఏ పాఠమో నన్ను పుస్తకంలో వెతికి చెప్పమంటుంది. బడికి సెలవు పెట్టి కూర్చున్నాను. పంపేముందు ఒక్కసారి చూసుకోవద్దూ?"

ఆయన ఒక్క మాట బదులు చెప్పలేదు. తల వంచుకుని కూర్చున్నారు. ఎవరినీ వాక్యం పూర్తి చెయ్యనివ్వని మనిషి, అంత తిట్టూ వినయంగా పడ్డారు. నాకు ఆశ్చర్యమేసింది, కొంచెం జాలి కూడా వేసింది.

రూతు "మమ్మీ, టీ పెట్టు" అని ఆవిడ్ని లోపలికి పంపి, కార్డు మార్చింది. ప్లేయరు పలికింది. అర్థశాస్త్రం, మొదటి పాఠం, డిమాండు. అర్థశాస్త్రం, మొదటి పాఠం, సప్లయి. రూతు మీట నొక్కుతూ పోయింది, పేరు వెనక పేరు పలుకుతూ పోయింది. ఆ అమ్మాయి భుజాలు కిందికి దిగడం చూశాను. అప్పుడుగానీ అవి అంతసేపూ బిగిసి ఉన్నాయని నాకు తెలియలేదు.

"తప్పు ఎలా పట్టుకున్నారు సార్?" అని అడిగింది, ఆయన కుడి పక్కకు వచ్చి కూర్చుంటూ. ఆయనకు అదే కావాలి. సంచీలోంచి ల్యాప్‌టాప్ తీసి, కార్డు పెట్టి, మౌంట్ అని కొట్టి చదివించారు. సిస్టం చెప్పేవి ఇవి, కార్డు తన గురించి తాను చెప్పుకునేవి ఇవి అని నాకు చెప్పిన పాఠమంతా చెప్పారు. యూటీఎఫ్ ఎయిట్ అన్న మాట ఈసారి వినబడింది. నాకు కూడా వినబడింది. అదెలాగో అప్పుడు తట్టలేదు. ఆ గొంతు మాట్లాడితే నాకు ఎప్పుడూ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు కదా.

"ఇంకొంచెం వేగం పెంచండి సార్, మరీ నెమ్మదిగా ఉంది" అంది రూతు నవ్వుతూ.

ఆయన నవ్వలేదు. వేగం పెంచలేదు కూడా. రూతు గొంతు తగ్గించి అడిగింది.

"సార్, మీకు ఎడమ చెవి వినిపించట్లేదు కదండీ?"

నేను ఆయన వంక చూశాను. ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు.

"మమ్మీ ఆ పక్కనుంచి అడిగితే మీరు బదులు చెప్పలేదు. నేను ఈ పక్కకి వచ్చాక చెబుతున్నారు. మాట్లాడేటప్పుడు మీ గొంతు నా వైపు రావట్లేదు, అటు గోడకేసి వెళ్తోంది. చెవి ఇటు తిప్పుకుంటే అలాగే ఉంటుంది. మా తాతయ్యకీ అంతే."

వినయం అనుకున్నది నేను. తిట్లలో సగం ఆయనకు అందనేలేదు. పక్క టేబుల్లో కూర్చుని రోజూ ఆయన్ని చూస్తున్నదాన్ని నేను, గొంతు మాత్రమే విన్న ఆ పిల్లకు అరగంటలో తెలిసింది.

"ఎవరికీ చెప్పకు బిడ్డా" అన్నారాయన.

"నేను చెప్పను సార్. అది మీరు చెప్పుకోవాల్సింది" అంది రూతు.

టీ వచ్చింది. వాళ్ళమ్మ కోపం తగ్గి ఉప్మా కూడా చేసింది. ఆయన టీలో ఇంకో చెంచా చక్కెర అడిగి వేయించుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్టాపు దాకా నా మోచెయ్యి పట్టుకుని నడుస్తూ, మూసీకి వరదొచ్చినట్టు ఒక్కసారిగా మాట్లాడారు. వానాకాలం నుంచీ తగ్గుతోందట. కుడి చెవికి కూడా పాత పదును లేదట. పొద్దున్నే సుప్రభాతం పెట్టి వింటున్నట్టు కూర్చునేవారట గానీ, చిటపటలు తప్ప మాటలు తెలిసేవి కాదట. వేగం తగ్గిస్తే మేం కనిపెడతామని కేంద్రంలో తగ్గించలేదట, సంచీలో ల్యాప్‌టాప్‌కు మాత్రం తగ్గించుకున్నారట. "యాదికున్నదే విన్నట్టు చేసిన. గా కార్డు పెట్టినప్పుడు సుత మిషన్ చెప్పింది అమ్మా. నాకు అందలే."

నేను ఆయన కుడి వైపుకు మారి మోచెయ్యి ఇచ్చాను.

"చూపు లేకపోవుడు వేరే. అది పోయింది కాదు, లేనే లేదు. దానికి నేనెప్పుడూ ఏడువలే. ఇది పోతుంది. జెర జెర పోతున్నది నాకు తెలుస్తుంది. ఇది సుత పోతే నేనెక్కడుండాలె? భయమైతుంది నాకు." అంతలోనే "నువ్వేంది, ఏడుస్తున్నవా? మోచెయ్యి వణుకుతుంది" అన్నారు. ఏడుస్తున్నానని చెప్పాను. "ఏడువు తీ, కని ముందల గుంత ఉంటే చెప్పు" అన్నారు.

సోమవారం పొద్దున సుప్రభాతం లేదు. ఆయన అందరినీ పిలిచి నిలబెట్టారు. స్టూడియోలో ఉన్న మాష్టారిని కూడా బయటికి రప్పించారు.

"అందరి ఆప్షన్లు అడిగి తెలుసుకున్న. నాదొకటి మీకు చెప్పలే. నా ఎడమ చెవి పనిచేస్తలేదు. కుడిది సుత సగమే. నాతోని మాట్లాడాలంటే కుడి దిక్కు రండి, మెల్లగ చెప్పండి. ఈ పిల్లలకు అయిన తక్లీఫ్ గందుకే అయింది. నన్ను ఉంచుతరో తీసేస్తరో పెద్దోళ్ళు చూసుకుంటరు."

మొదట మాట్లాడింది మాష్టారు. "అయితే ఇంతకాలం నేను మీ ఎడమ పక్కన నిలబడి తిట్టుకున్నవేవీ మీకు వినబడలేదన్నమాట. మళ్ళీ మొదటినుంచీ తిట్టాలి" అన్నారు, బాగా దగ్గరికి వచ్చి, కుడి చెవి దగ్గర. సార్ నవ్వారు. మాష్టారు కళ్ళు తుడుచుకోవడం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఆయన్ని ఎవరూ తీసెయ్యలేదు. చెవికి మిషను వచ్చింది, దాన్నీ తిడుతూనే పెట్టుకున్నారు. కంప్యూటరు గొంతు వేగాన్ని సగానికి సగం తగ్గించారు. దాంతో ఏమైందంటే, అది చెప్పేది మాకందరికీ అర్థం కావడం మొదలైంది. కార్డు పెట్టగానే ఆయనకంటే ముందు మాష్టారు "యూటీఎఫ్ ఎయిట్ ఉందయ్యా" అని స్టూడియోలోంచి కేకేసేవారు, అది మళ్ళీ మైకులో పడేది. అలా ఇంకొన్నేళ్ళు ఆయన ఆ కుర్చీలోనే పనిచేశారు. నాకు వచ్చిన కాస్త పనీ ఆ నెమ్మది గొంతు విని నేర్చుకున్నదే.

కానీ ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఆ సోమవారం మధ్యాహ్నం. పరీక్ష అయిపోయే వేళకు ఆయన పని పక్కన పెట్టి, ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చున్నారు. తిననని చెప్పి మిర్చి బజ్జీ ఒకటి తిన్నారు, ఇంకొకటి చేతిలో పట్టుకుని మరిచిపోయారు. ఫోను మోగగానే నాకిచ్చి, "స్పీకర్ పెట్టు, గట్టిగ పెట్టు" అన్నారు.

"ఎట్ల రాసినవ్ బిడ్డా?"

"బాగానే రాశాను సార్. ఆఖరి ప్రశ్న సగంలో ఆగింది, టైము చాల్లేదు. అయినా గట్టెక్కుతాను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. అవతల వాహనాల రొద, వాళ్ళమ్మ ఆటోవాడితో బేరమాడుతున్న గొంతు.

"మరి మీరు సార్?" అంది రూతు.

"చెప్పిన బిడ్డా" అన్నారాయన. "అందరికీ చెప్పిన."